సున్నా నంబరు ట్యూబు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక పెట్టె. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, తెల్లటి థర్మోకోల్, మూత చుట్టూ నీలం టేపు. చేతుల్తో మోసింది ఒక్క పూటే. మిగతాదంతా లోపలే మోశాను. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా అది నా ముందే ఉండేది.

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పబోతే నన్ను ఓదార్చారు. నాకు ఓదార్పు అక్కర్లేదు. ముందే చెబుతున్నాను, నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ క్షమాపణ మీ దగ్గర లేదు. మీ దగ్గర లేనిది మీరెట్లా ఇస్తారు? వినండి, చాలు.

పేరు రాయడం లేదు. పిరికితనం అనుకుంటే అనుకోండి. నా పేరు బయటికొస్తే నేను పనిచేసిన చోటు బయటికొస్తుంది, దాని వెంట ఆ హాడి పేరూ వస్తుంది. అడవి అంచున గిరిజనుల ఇళ్ళ గుంపుని అక్కడ హాడి అంటారు. వాళ్ళ జాతి పేరు కూడా రాయను. వాళ్ళని అడక్కుండా వాళ్ళది వాడుకోవడం ఒకసారి జరిగింది. ఇంకోసారి నా చేతుల మీదుగా జరగదు.

నేను బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. నాన్న సువార్తికుడు. ఇంట్లో పొద్దున ఒక అధ్యాయం, సాయంత్రం ఒక అధ్యాయం చదివాకే అన్నం. పదేళ్ళు నిండేసరికి పుటలకి పుటలు చూడకుండా అప్పజెప్పేదాన్ని. నేర్చుకున్న వాటిలో ఒకటి మాత్రం నా ఎముకల్లోకి దిగింది: విశ్వాసి ఒట్టు పెట్టుకోకూడదు. విశ్వాసి నోట వచ్చిన అవును ఒక్కటే చాలాలి. బడిలో పిల్లలు ‘అమ్మతోడు’ అంటుంటే నేను నోరు మూసుకుని నిలబడేదాన్ని. అందులో నాకు గర్వం ఉండేది. ఆ గర్వం గురించే చెప్పబోతున్నాను.

తొంభైల నడుమ ఒక ధర్మాసుపత్రికి చెందిన చిన్న పరిశోధన విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఊరి చివర హెబ్బగోడిలో ఒక గది అద్దెకి తీసుకున్నాను. మా విభాగం పెద్ద ఒక డాక్టరు గారు, నెమ్మదస్తుడు. అడవి అంచు పల్లెల్లో పిల్లలకి కీళ్ళు వాచి, కళ్ళు పచ్చబడి, కొందరు చనిపోతుంటే అది రక్తంలోనే తరతరాలుగా వచ్చే జబ్బేమోనని ఆయనకి అనుమానం. తేలాలంటే హాడి మొత్తం రక్తం పరీక్ష చేయాలి. ఆయన నేరుగా సూదులతో వెళ్ళలేదు. ముందు వెళ్ళి నేల మీద కూర్చుని, ఎందుకో చెప్పి, అందరూ సరేనంటేనే తీద్దామన్నారు. ఆ రోజుల్లో ఆపాటి మర్యాద కూడా చేసేవాళ్ళు తక్కువ. ఇది ఆయనకి దక్కాల్సిన మాట, అందుకే రాస్తున్నాను.

హాడివాళ్ళకి వాళ్ళ భాష వాళ్ళకుంది. బయటివాళ్ళతో కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవాళ్ళు. డాక్టరు గారికి తెలుగు రాదు, వాళ్ళ కన్నడం ఆయనకి పట్టుబడదు. అందువల్ల మధ్యలో మాట చేర్చేది నేనే. అంతకుముందు టీకాలు వేయడానికి వెళ్ళొచ్చాను కాబట్టి వాళ్ళు నాకొక పేరు కూడా పెట్టారు: సూదమ్మ.

అక్కడ అందరికీ పెద్ద కెంపమ్మ అవ్వ. ఆమె అవునంటే హాడి అవునన్నట్టే. ఆ రోజు వాకిట్లో కూర్చుని సీకాయ ఏరుతోంది. పక్కనే మనవరాలు చెన్ని, ఏడేళ్ళ పిల్ల, వాచిన వేళ్ళతో తనూ ఏరుతున్నానని నటిస్తోంది. చెన్నికి ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలు ఇవే వాపులతో పోయారు. కెంపమ్మ మమ్మల్ని వాకిట్లోకి రానిచ్చింది అందుకే. ఆమెకి కావలసింది ఒక్కటే: ఈ పిల్ల దక్కాలి.

“ఏం సూదమ్మా, మల్లా వచ్చినావా? పోయినసారి గుచ్చింది సాల్లేదా?” అంది.

“ఈసారి రక్తం తీయాల అవ్వా. పిల్లోళ్ళకి కీళ్ళు ఎందుకు వాస్తాయో తెలుసుకునేదానికి.”

“ఎంత తీస్తావు?”

“ఒక్కొక్కరికి ఒక చెంచా.”

“మా చెన్నిని పిండితే చెంచా యాడొస్తాది? సూడు ఎట్లుండాదో, సీకాయ తొక్కు మాదిరి.”

అందరూ నవ్వారు. చెన్ని కూడా నవ్వింది. నేను పరీక్ష గురించి చెప్పాను, కెంపమ్మ తల ఊపుతూ వింది. అంతా విని, ఏరుతున్న చేయి ఆపి, నన్ను ఎక్కడా ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

“చూసినంక మిగిలింది ఏం చేస్తారు?”

“కాల్చేస్తాం అవ్వా.”

“మావోళ్ళని కాల్చేదానికి మీరెవరు?” గొంతు పెంచలేదు. “మాలో కాల్చేది లేదు. గోరు తీసినా, బొడ్డు కోసినా ఈ మన్నులోనే. రేపు నేను కిందికి పోతే మా పెద్దోళ్ళు అడుగుతారు, సగం యాడ పెట్టి వచ్చినావే అని. బెంగుళూరులో ఇడిసి వచ్చినానని చెప్పాల్నా?”

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆమె నవ్వలేదు. నేను డాక్టరు గారికి ఇంగ్లీషులో చెప్పాను. మిగిలింది తిరిగి ఇచ్చేద్దాం, చెప్పమన్నారు. అంత తేలిగ్గా.

“తెచ్చిస్తామంటుండారు అవ్వా.”

“ఆయప్ప అనేది నాకేం తెలుస్తాది? నువ్వు చెప్పు. నీ దేవుని మింద ఒట్టు పెట్టి చెప్పు.”

“మేము ఒట్టు పెట్టము అవ్వా. మా దేవుడు వద్దన్నాడు. మేము అవునంటే అవునే.”

“అట్లనా!” అంటూ చుట్టూ చూసింది. “ఇన్నారేమప్పా? మా అవునుకైతే కాగితం మింద ఏలిముద్ర గావాలంట. ఆమె అవును ఊరికే నమ్మాలంట. బాగుండాదమ్మా మీ దేవుని న్యాయం!”

హాడి హాడంతా గొల్లున నవ్వింది. నా చేతిలో అంగీకార పత్రాల కట్ట ఉంది, పక్కన ఇంకు ప్యాడ్ ఉంది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కెంపమ్మకి జాలి కలిగిందేమో, లేక అప్పటికే ఆలోచించుకుందేమో, అప్పుడు చెప్పింది.

“సరే, ఒట్టు వద్దులే. ముందు నీది తీయి. మా అందరి ముందర తీసి మాదాని పక్కన పెట్టు. మాది యాడికి పోతే నీదీ ఆడికే పోవాల.”

నేను రబ్బరు పట్టీ ఒక కొస పళ్ళతో పట్టుకుని నా ఎడమ చేతికి బిగించుకున్నాను. నా సూది నాకే గుచ్చుకున్నాను. ట్యూబు నిండుతుంటే చెన్ని వంగి చూసి, “అవ్వా, ఎర్రగానే ఉండాదే!” అని అరిచింది. లేబుల్ మీద సున్నా వేశాను. తర్వాత ఒకటి నుంచి నలభై ఏడు దాకా. ఒకటో నంబరు కెంపమ్మ.

ఫలితాలు ముందు వాళ్ళకే చెబుతామని ఇంకో మాట కూడా ఇచ్చాం. అది నిలబెట్టుకున్నాం. డాక్టరు గారి అనుమానం నిజమే. చెన్నికి ఆ జబ్బు ఉంది, ఇంకా కొందరికి ఉంది. మాత్రలు మొదలయ్యాయి, జ్వరం వస్తే ఆగకుండా ఎక్కడికి తీసుకురావాలో తెలిసింది. చెన్ని బతికింది. ఇది నిజం. రక్తం తీయడం పాపమని, పరిశోధనంతా దోపిడీ అని నా చేత ఎవరూ అనిపించలేరు. కానీ ఆ మేలుని దుప్పటిలా లాగి నా తప్పు మీద కప్పడం నాకు చేతకాదు. మేలు మేలే. తప్పు తప్పే. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని మాయం చేయమని నన్ను చాలామంది బతిమాలారు. చేయను.

నెలలు గడిచాయి. మిగిలిన రక్తం ఎప్పుడు తీసుకెళ్దామని డాక్టరు గారిని అడిగాను. ఆయన కాసేపు నా వైపు చూడలేదు. వేరే ఊళ్ళో ఇంకా పెద్ద ల్యాబ్ వాళ్ళు వాటిని అడగబోతున్నారని, ఇలాంటి రక్తం మళ్ళీ దొరకదని అన్నారు. “పరీక్షల్లో అయిపోయిందని చెప్పమ్మా. అర్థం చేసుకుంటారు.”

ఇక్కడిదాకా ఆయన తప్పు. ఇక్కడి నుంచి నాది.

నాకు దారులు లేకపోలేదు. కాదని పోట్లాడొచ్చు. వెళ్ళి, ‘అవ్వా, తిరిగి ఇవ్వం అంటున్నారు, నేను ఓడిపోయాను’ అని చెప్పొచ్చు. ఆయన చెప్పమన్న అబద్ధమే చెప్పినా అది చిన్నదిగా ఉండేది. మూడూ చేయలేదు. ఎందుకు? ఉద్యోగ భయమా? కాదు. ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా అడుగున దొరికేది వేరే. నా అవును అవునేనని కెంపమ్మ చూడాలి. అంతమంది ముందు నవ్వులపాలు చేసింది కదా నన్ను, నా దేవుణ్ణి. ఆ నవ్వుకి జవాబు కావాలి. అప్పటికి నేను ఆ హాడి కోసం ఉపవాసముండి ప్రార్థిస్తున్నాను. నా మాట నిలబడితే రేపు నేను చెప్పే దేవుడి మాట కూడా వింటారని ఆశపడ్డాను. అంటే, సత్యవంతురాలిగా కనబడడం కోసం అబద్ధం తయారుచేశాను. దానిని అప్పుడు ఆ పేరుతో పిలవలేదు. సాక్ష్యం అన్నాను.

మా ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో గడువు దాటిన రక్తం సంచులు పారేయడానికి ఒక బుట్టలో వేస్తారు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు అందులోంచి ఒక సంచి తీశాను. లేబుల్ పీకేశాను. ఎవరిదో చూడలేదు, అందులో పేరు ఉండదు కూడా, నంబరే ఉంటుంది. నలభై ఏడు కొత్త ట్యూబులు నింపాను. నలభై ఏడు లేబుల్స్ నా చేత్తో రాశాను. కెంపమ్మ. చెన్ని. చెన్ని తల్లి. రక్తం తీసేనాటికి మూడు నెలల పసిబిడ్డ ఒకడున్నాడు, వాడికప్పటికి పేరు పెట్టలేదు కాబట్టి తల్లి పేరు రాసి పక్కన ‘కొడుకు’ అని రాశాను. చేయి వణకలేదు. అది మీకు చెప్పాలి. దస్తూరి ఎప్పటికన్నా అందంగా వచ్చింది.

సున్నా నంబరు మాత్రం అసలుదే పెట్టాను. నా రక్తం ఆ పెద్ద ల్యాబ్‌కి అక్కర్లేదుగా. అబద్ధాల పెట్టెలో ఒక నిజం పెట్టుకుంటే దేవుడి ముందు కొంచెం తేలికగా ఉంటుందనుకున్నానేమో. ఎంత తెలివి!

పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. వాళ్ళ పోయినవాళ్ళు ఉండే చోటు హాడి వెనక చిన్న మిట్ట మీద ఉంది. అక్కడ గుంట తవ్వి ఉంచారు. పేర్లు నన్నే చదవమంది కెంపమ్మ. ఒక్కొక్క పేరు పిలుస్తుంటే ఒక్కొక్కరు వచ్చి, నా చేతిలోంచి ట్యూబు తీసుకుని, గుంటలో ఒంపి, పిడికెడు మన్ను వేసి వెళ్ళారు.  పసిబిడ్డదాన్ని తల్లి ఒంపింది. చెన్ని వాచిన వేళ్ళతో, చుక్క పక్కన పడకుండా, నాలుక కరుచుకుని ఎంత జాగ్రత్తగా ఒంపిందో. అది తనది కాదు. నాకు తెలుసు. నేను తర్వాతి పేరు చదివాను.

ఆఖరున నాది ఒంపాను. కెంపమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“నీ అవును అవునే సూదమ్మా,” అంది.

ఆ పూట నన్ను తమతో కూర్చోబెట్టుకుని రాగి ముద్ద, ఆకుకూర పులుసు పెట్టారు. ముద్ద మింగాను. గొంతులో అడ్డుపడలేదు. పడి ఉంటే ఈ కథ వేరేగా ఉండేదేమో. బాగుంది, ఇంకొంచెం పులుసు కావాలని కూడా అడిగాను.

ఆ ఆదివారమే చర్చిలో మా సంఘం ముందు నిలబడి, దేవుడు నాకు చేసిన మేలంటూ సాక్ష్యం చెప్పాను. ఒట్టు పెట్టమన్నారని, పెట్టనన్నానని, మాట ఇచ్చానని, దేవుడు నిలబెట్టాడని. “స్తోత్రం!” అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాన్న ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఆ తర్వాత ఇతర సంఘాల వాళ్ళు కూడా పిలిచి చెప్పించుకున్నారు. ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. చెప్పేకొద్దీ నునుపెక్కింది. నాన్న చనిపోయేవరకూ ఆ సాక్ష్యాన్నే నమ్మి చనిపోయాడు. ఇప్పుడు చెప్పండి, నేను అబద్ధం ఎవరికి చెప్పాను? హాడికా? సంఘానికా? నాన్నకా? లేక రోజూ మోకాళ్ళ మీద ఎవరి ముందు కూర్చున్నానో ఆయనకా?

ఏళ్ళు గడిచాయి. హెబ్బగోడి చుట్టూ ఫ్యాక్టరీలు నిండాయి, సర్జాపుర రోడ్డు పొడుగునా అపార్ట్‌మెంట్లు లేచాయి. డాక్టరు గారు రిటైరయ్యారు. రెండు వేలు దాటిన కొన్నేళ్ళకి మా విభాగాన్ని మూసి వేరే సంస్థలో కలపాలని నిర్ణయించారు. కొత్తగా వచ్చిన పెద్ద మేడం చిన్నవయసుది, మంచిగా మాట్లాడేది. ఒక రోజు పిలిచి ఒక కాగితం ముందు పెట్టింది. డీప్ ఫ్రీజర్‌లో ఉన్న పాత నమూనాలు కొత్త సంస్థకి పంపాలట. వాటి నిల్వకీ, ఇకమీద చేసే పరిశోధనలకీ ఆ జనం ఆనాడే ఒప్పుకున్నారని, నాడు అక్కడికి వెళ్ళిన మనిషిగా నేను సంతకం పెట్టాలట. “ఉత్త ఫార్మాలిటీ,” అంది.

కింద జాబితా ఉంది. ఒకటి, కెంపమ్మ.

నేను లేచి ఫ్రీజర్ గదికి వెళ్ళాను. అన్నిటికన్నా కింది అరలో, మంచు పేరుకున్న స్టాండులో, నలభై ఏడు. మంచు గీకితే నా దస్తూరి. అవి ఎప్పుడో ఆ పెద్ద ల్యాబ్‌కి వెళ్ళిపోయాయనుకున్నాను. వెళ్ళలేదు. అసలు వాళ్ళు అడగనేలేదట. ఇన్నేళ్ళూ ఎవరికీ అక్కరకు రాకుండా అక్కడే పడి ఉన్నాయి. నేను ఎవరి కోసం ఆ దొంగ ట్యూబులు నింపాను? మొదట్లో సున్నా ఉండాల్సిన చోట ఖాళీ గుంట ఉంది. ఆ ఖాళీనే చూస్తూ నిలబడ్డాను.

వెనక్కి వచ్చి సంతకం పెట్టనన్నాను.

“ఎందుకు?” అంది.

“వాళ్ళు ఒప్పుకోలేదు కాబట్టి.”

అయితే రూలు ప్రకారం వాటిని కాల్చేయాలంది. ముందు వాళ్ళని అడగాలన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత నా నోట ఒక నిజమైన ‘కాదు’ వచ్చింది. కానీ ఆ కాదు నిలబడాలంటే పాత అవునుని తవ్వక తప్పదు. మర్నాడే హాడికి వెళ్ళాను.

కెంపమ్మకి చూపు మందగించింది. అదే వాకిలి. నా గొంతు వినగానే, “సూదమ్మా! సచ్చినావనుకొంటినే!” అని నవ్వింది. చెన్ని ఎదిగింది. బట్టల ఫ్యాక్టరీకి పోతోంది, ఆ పూట సెలవు. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. బుట్ట, సంచి, లేబుల్స్, ఫ్రీజర్. ఎక్కడా నన్ను నేను తప్పించుకోలేదు. డాక్టరు గారి మాట కూడా అడ్డం పెట్టుకోలేదు.

 కెంపమ్మ అడిగింది.

“అయితే ఆ పొద్దు మేము పూడ్చింది ఎవర్ని?”

ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. ప్రమాణంగా చెబుతున్నాను— లేదు, ప్రమాణం చేయకూడదు. ఉత్తినే చెబుతున్నాను. ఇన్నేళ్ళు నా పాపాన్ని అన్ని వైపులా తిప్పి చూసుకున్నాననుకున్నాను, ఈ వైపు చూడలేదు.

“తెలీదు అవ్వా. ఆసుపత్రిలో ఎవరో ఇచ్చింది. పేరు లేదు.”

“ఒకడేనా?”

“ఒకరే.”

“అంతమంది పేర్లు పిలిచి ఒక్కడ్ని పూడ్చినామా!” అంది. “వాని ఇంటోళ్ళు యాడుండారో. మా నడుమ వాడు ఏం చేస్తా ఉండాడో, బాస గూడా తెలీకుండా.”

చెన్ని అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. “మా అమ్మది గూడా ఐసులోనే ఉండాదా?” అని అడిగింది. ఆమె తల్లి పోయి రెండేళ్ళయిందని నాకు అప్పుడే తెలిసింది. ఉందన్నాను. చెన్ని లోపలికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

“తప్పు చేసినాను అవ్వా.”

“చేస్తివి. చెప్తివి. అయింది.” కెంపమ్మ ఇంక నా వైపు తిరగలేదు. “మావోళ్ళని మాకు తెచ్చియ్యి.”

తెచ్చి ఇవ్వడం నా ఒక్కదాని వల్ల కాలేదు. చెన్ని, ఆమె మేనమామ ఫ్యాక్టరీకి సెలవు పెట్టుకుని మా ఆఫీసుకి రెండుసార్లు వచ్చి పొద్దస్తమానం బల్ల మీద కూర్చున్నారు. మొదటిసారి ఉత్త చేతులతో పంపేశారు. రెండోసారి నేనూ వాళ్ళ పక్కనే బల్ల మీద కూర్చున్నాను. పనిలోకి రమ్మని కబురు వస్తే, ఇదే పని అని చెప్పి పంపాను. చివరికి మేడం ఒప్పుకుంది. ముట్టినట్టు సంతకం పెట్టమని కాగితం జరిపింది. చెన్ని చదివి, పెన్ను తీసుకుని సంతకం చేసి, “ఇట్లాదే ఒకటి మాకూ ఇయ్యండి,” అంది. “మీరు ఇచ్చినట్టు. మీ సంతకంతో.” మేడం నా వైపు చూసింది. ఇవ్వాల్సిందే అన్నాను. ఇచ్చింది.

హాడి దారి మొదట్లో, కాలవ మీది మోరీ గట్టు దగ్గర కెంపమ్మ ఒకరి చేయి పట్టుకుని ఎదురొచ్చింది. నలభై ఏడు ట్యూబుల పెట్టె చెన్ని చేతిలో ఉంది. నేను వెనక నడుస్తున్నాను.

“నువ్వు ఈడనే ఉండు,” అంది కెంపమ్మ.

ఉన్నాను. మోరీ గట్టు మీద కూర్చున్నాను. మిట్ట మీద నుంచి చెన్ని గొంతు వినబడుతోంది, పేర్లు చదువుతోంది. కొన్ని పేర్ల దగ్గర ఆగుతోంది. వాళ్ళిప్పుడు లేరు కాబోలు, వాళ్ళ బదులు ఇంకెవరో రావాలి. నలభై ఏడు అయ్యాక నిశ్శబ్దం. సున్నా లేదుగా.

తిరిగొచ్చేటప్పుడు కెంపమ్మ నా ముందు ఆగింది. ఆ పాత గుంట ఏం చేస్తారని అడిగాను.

“మన్నులో వేసింది తీయరాదు. వాడు ఆడనే ఉంటాడు. నీదీ ఆడనే ఉండనీ, వానికి తోడు.” కదలబోతూ, “ఇద్దరూ పరాయోళ్ళే కదా,” అంది.

ఆ రోజు నాకు ముద్ద పెట్టలేదు.

ఆ వారమే సంఘంలో లేచి నిలబడ్డాను. మా సంఘం అప్పటికి మారతహళ్ళిలో ఒక పెద్ద హాలు అద్దెకి తీసుకుంది. సగంమంది కంపెనీల్లో పనిచేసే కుర్రవాళ్ళు, వాళ్ళకి నా సాక్ష్యం పెద్దవాళ్ళు చెప్పగా తెలుసు. “నేను ఇన్నాళ్ళు చెప్పిన సాక్ష్యం అబద్ధం,” అన్నాను. రెండో వాక్యం మొదలుపెట్టేలోపు పాస్టరు గారు చేయి ఊపారు, కీబోర్డు అబ్బాయి పాట ఎత్తుకున్నాడు. అందరూ లేచి చప్పట్లు కొడుతూ పాడారు. నేను నోరు తెరిచే నిలబడి ఉన్నాను. చూసేవాళ్ళకి నేనూ పాడుతున్నట్టే ఉండి ఉంటుంది.

తర్వాత పాస్టరు గారు గదిలోకి పిలిచి మెత్తగానే మాట్లాడారు. “సిస్టర్, అది వాళ్ళ మూఢనమ్మకం. మీరు వాళ్ళ మనసు నొప్పించకూడదని చేశారు. ప్రభువు రక్తం అన్నీ కడిగేసింది. ఇంక తవ్వొద్దు.”

మూఢనమ్మకం! ప్రాణం రక్తంలో ఉందని నాకు నేర్పింది ఎవరు? పొలంలో తమ్ముణ్ణి చంపిన అన్న కథలో, ఆ రక్తం నేలలోంచి కేకపెడితే పైవాడు విన్నాడని ఆదివారం బడిలో పసిపిల్లలకి నేనే చెప్పాను కదా. నేల రక్తాన్ని మరిచిపోదని మనం నమ్మితే విశ్వాసం, కెంపమ్మ నమ్మితే మూఢనమ్మకమా? ప్రభువు రక్తం నన్ను కడుగుతుందని నేను నమ్ముతాను పాస్టరు గారూ. నమ్మకపోతే ఇది రాసేదాన్నే కాదు. కానీ ఆ రక్తాన్ని తీసుకొచ్చి ఇంకొకరి రక్తం మీద మూతగా పెడతానంటే ఒప్పుకోను. మీరు పెట్టమన్నా ఒప్పుకోను.

ఇక్కడ కీబోర్డు లేదు. ఎవరూ పాట ఎత్తుకోలేరు. నా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అది విని ఏడ్చినవాళ్ళు, స్తోత్రం అన్నవాళ్ళు, తమ పిల్లలకి చెప్పినవాళ్ళు ఎవరైనా దీన్ని చదువుతుంటే, మీ కన్నీళ్ళు నాకు ఇచ్చింది పొరపాటు. ఆ రోజు ఆ హాడిలో మాట నిలబెట్టుకున్నది ఒక్క కెంపమ్మే. రక్తం ఇస్తానంది, ఇచ్చింది. నమ్ముతానంది, నమ్మింది.

పెట్టె బరువు తగ్గిందా అంటే, ఇప్పుడు మూత తెరిచి ఉంది, అంతే. గాలి ఆడుతోంది. అది చాలు నాకు.

మా సంఘం శ్మశానంలో నాన్న పక్కన నాకొక చోటు ఉంది. నన్ను అక్కడ పెడతారు. కానీ అడవి అంచున ఒక మిట్ట మీద, పేరు తెలియని ఒక మనిషి పక్కన, నాలోంచి తీసిన ఒక చెంచా ఎప్పటినుంచో మన్నులో ఉంది. ఆ పెట్టెలోంచి ఆ మన్నులోకి చేరిన నిజం అదొక్కటే. నేనూ కిందికి పోయినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, సగం యాడ పెట్టి వచ్చినావే అని.

చెబుతాను. ఇక చెప్పడానికి నాకు భయం లేదు. ఈ రోజే మొదలుపెట్టాను.